నూట ఎనభైకి నూట డెబ్బై ఒకటి

మనసు వైద్యంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఈ మధ్య నన్ను సదస్సులకి పిలిచి, శాలువా కప్పి, "మీ సర్వీసులో మరిచిపోలేని విజయం ఒకటి చెప్పండి సార్" అంటున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేసి, యాభై నాలుగో ఏట నా అంతట నేనే రిటైరైనవాణ్ణి. విజయాలు లెక్కపెట్టమంటే ఒక చెయ్యి చాలు, అందులోనూ బొటనవేలు మిగిలిపోతుంది. ఓటమి అంటారా, ఒకటి బ్రహ్మాండమైనది ఉంది. దాన్ని గవర్నర్‌పేటలో నా చేతులతో తయారుచేసి, సంతకం పెట్టి, స్టాంపు గుద్ది, కొరియర్లో హనుమాన్ జంక్షన్‌కి పంపించాను.

మా ఆసుపత్రి ఒక స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు మీద రెండో అంతస్తులో ఉండేది. "కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉన్న చోటు ఒకటి ఊహించుకోండి" అని నేను మంద్రంగా అంటూ ఉండగానే కింద నలభై బిందెలు ఒక్కసారిగా మెట్ల మీంచి దొర్లేవి. ఆ మోతకే కొందరికి జబ్బు వదిలిపోయిందని చెప్పుకునేవారు. ఆ కీర్తి కూడా నేనే తీసుకున్నాను.

పైన ఉండేది ముగ్గురం. మొదటివారు పెద్ద డాక్టరుగారు, పైదేశంలో చదివొచ్చిన మానసిక వైద్యులు. రెండు, రిసెప్షన్‌లో కూర్చునే అక్కగారు. ఆవిడ కడుపులో ఏ రహస్యమూ మధ్యాహ్నం టీ దాకా నిలిచిన దాఖలా లేదు. మూడోవాణ్ణి నేను, సైకాలజిస్టుని. మందు రాయను, సూది వెయ్యను, మాట్లాడతాను. ఈ సంగతి తెలిశాక వచ్చినవాళ్ళలో సగం మంది చెప్పులు వెతుక్కునేవారు. "మాట్లాడ్డానికైతే మా బావమరిది ఉన్నాడు కదండీ, ఇంత దూరం ఎందుకు?" అనేవారు.

కరోనా సద్దుమణిగాక పెద్ద డాక్టరుగారు తాను చదువుకున్న దేశం నుంచి ఒక ప్రశ్నపత్రం తెప్పించారు. అరవై ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు జవాబులు: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ. సున్నా నించి మూడు దాకా వేసి కూడితే మొత్తం నూట ఎనభై. అంకె పెరిగేకొద్దీ మనసు చెదిరినట్టు. నలభై దాటితే జాగ్రత్త, తొంభై దాటితే ప్రమాదం. నూట యాభై పైన ఏమంటారో ఆ పత్రం రాసినవాళ్ళకే తెలీదు, ఎందుకంటే అంత దూరం ఎవరూ వెళ్ళలేదు.

దాన్ని తెలుగు చేసింది నేనే. ఆర్నెల్లు తపస్సు చేశాను. "అకారణ వైమనస్యం కలుగుచున్నదా?" అని రాసుకుని నాకు నేనే భుజం తట్టుకున్నాను. మొదటి రోజున ఒక రైతుగారు ఆ మాట రెండుసార్లు చదివి, "ఇది ఏ మండలంలోకి వస్తుందండీ?" అని అడిగారు.

మళ్ళీ కూర్చుని మాటలన్నీ మామూలు తెలుగు చేశాను గానీ, అంకెల్ని చెయ్యలేదు. అంకెలకి అనువాదమేమిటి అనుకున్నాను. బెజవాడలో ఒక అంకె వేసి, కింద గీత గీసి, దాని కింద ఇంకో అంకె వేస్తే ఏమంటారో ఉయ్యాల్లో బిడ్డ కూడా చెబుతుంది. మార్కులంటారు. ఈ ఊరి గోడల నిండా మార్కులే, బస్సుల వెనక మార్కులే. ఒక తల్లి తన కొడుకు కాగితం చూసి నా మీదకి వచ్చేసింది.

"నూట ఎనభైకి అరవై రెండా! రీకౌంటింగ్ పెట్టండి. వాడు ఇంట్లో ఇంకా బాగా బాధపడతాడండీ!"

కింద స్టీలు కొట్టు యజమాని అయితే బేరానికే దిగాడు. "నిద్ర పట్టకపోవడానికి రెండేనా మేష్టారూ? మనం మనం ఒక బిల్డింగు వాళ్ళం. మూడు చేసుకోండి."

ఇవన్నీ నేను పెళ్ళి భోజనాల్లో కథలుగా చెప్పి నవ్వించాను. నవ్వించాను గానీ, కాగితం వైపు ఒక్కసారీ అనుమానంగా చూడలేదు. పిల్లలూ, నా తప్పు మొదలైంది అక్కడే.

హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక కాలేజీ ఉండేది. ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్ కావాల్సి వచ్చి నలుగురు ఆడవాళ్ళని మానసిక పరీక్షకి మా దగ్గరకి పంపారు. ముగ్గురు ఇరవై నిమిషాల్లో రాసేసి వెళ్ళారు. నాలుగో ఆవిడకి యాభై పైన ఉంటాయి. నూలు చీర, తాడు కట్టిన కళ్ళజోడు, సంచిలో బైబిలు, గొడుగు, టిఫిన్ డబ్బా. చల్లపల్లి పక్క పల్లెటూరు. చర్చి వాళ్ళు నడిపే ఆడపిల్లల హాస్టల్లో పద్దెనిమిదేళ్ళు వంటా, కాపలా, జ్వరాలొస్తే జాగారం, అన్నీ తనే చేసింది. ఆ హాస్టలు మూతపడింది. భర్త పోయి చాలా కాలమైంది.

"నెలాఖరుకి అక్కడి గది ఖాళీ చెయ్యమన్నారు సార్. ఈ ఉద్యోగానికి గది ఇస్తారంట. అందుకని కొంచెం జాగ్రత్తగా రాస్తాను, ఏమనుకోకండి" అంది.

"ఇందులో తప్పొప్పులు ఉండవమ్మా, తోచింది రాయండి" అన్నాను, రూలు ప్రకారం.

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "తప్పొప్పులు లేకపోతే మరి పరీక్ష ఎందుకు సార్?"

ఇరవై ఎనిమిదేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. నేను వినిపించుకోలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది, పెన్ను మూత తీసింది, రెండు గంటలు రాసింది. మధ్యలో అడిషనల్ షీటు ఇస్తారా అని కూడా అడిగింది.

సాయంత్రం కూడితే నూట డెబ్బై ఒకటి!

మూడుసార్లు కూడాను. కాలిక్యులేటర్ మీద కూడాను. అక్కగారి చేత కూడించాను. ఎన్నిసార్లు కూడినా అదే. పెద్ద డాక్టరుగారు కాగితాన్ని లైటు కిందకి పట్టుకుని, నిధి దొరికినవాడిలా, "ప్రపంచంలో ఇదే అత్యధికం అయ్యుంటుందయ్యా" అన్నారు. నేను వెంటనే ఇంగ్లీషులో రిపోర్టు రాశాను. పైన పెద్ద అక్షరాల్లో అంకె, కింద ఒక పొడుగాటి వాక్యం. దాని సారాంశం: ఈమె ఉద్యోగానికి తగరు. ఆవిణ్ణి పిలిచి ఒక్క మాటైనా అడగలేదు. అంకె అంత గట్టిగా చెబుతుంటే మనిషిని అడగడం అమర్యాదేమో అనిపించింది.

రెండ్రోజుల తరవాత పొద్దున్నే మెట్లెక్కేసరికి వెయిటింగ్ హాలంతా పండగలా ఉంది. పేషెంట్లందరి చేతుల్లోనూ బందరు హల్వా. ఏళ్ళ తరబడి నవ్వని ఒక పెద్దమనిషి కూడా వేళ్ళు నాక్కుంటున్నాడు. మధ్యలో ఆవిడ డబ్బా పట్టుకుని నించుని ఉంది.

"రండి సార్, రండి! మీ చేతి చలవ! నూట డెబ్బై ఒకటంట కదండీ!"

నేను అక్కగారి వైపు చూశాను. "ఫోన్ చేసి అడిగారండీ, అంకె చెప్పాను. ఇప్పటిదాకా ఎవరికీ రాలేదని కూడా చెప్పాను. రెండూ నిజాలే కదండీ?" అంది అక్కగారు, హల్వా నములుతూ.

వరసలో కూర్చున్న ఒకాయన లేచి నాతో చెయ్యి కలిపాడు. "ఎక్కడ కోచింగ్ తీసుకున్నారండీ ఆవిడ?" అన్నాడు.

ఆవిణ్ణి నా గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాను. వస్తూంటే ఎవరో నోట్లో పెట్టేసిన హల్వా, మింగలేను, మాట్లాడలేను.

"ఒక్కటే బెంగ సార్" అంది ఆవిడే. "తొమ్మిది మార్కులు పోగొట్టుకున్నాను. మూడు ప్రశ్నలకి 'ఎప్పుడూ లేదు' అని పెట్టేశాను. కాలేజీ కరస్పాండెంటుగారు రేపు పదకొండింటికి రమ్మన్నారు. ఆ మూడూ ఎందుకు పోయాయి అంటే ఏం చెప్పమంటారు?"

కాగితం తీశాను. అరవై ప్రశ్నల్లో ఎక్కడ సున్నా ఉందో అంతవరకు నేను చూడనేలేదు, కూడాను, అంతే. సున్నాకి కూడికలో పనేముంది? ఆ మూడూ ఇవీ: నాకు బతకాలని లేదు. నా కోసం ఎవరూ లేరు. ఎదుటివారిని కొట్టాలనిపిస్తుంది.

"ఇవి పెట్టలేకపోయాను సార్. అబద్ధమాడి మార్కులు తెచ్చుకుంటే ప్రభువు ఊరుకోడు. పిల్లల్ని ఏనాడూ కొట్టలేదు. బతకాలని లేకపోవడమేంటి, ఆదివారం చర్చి పాటల క్వాయర్ ఎవరు చూస్తారు?"

హల్వా ఒక దవడకి నెట్టి, మిగతా యాభై ఏడూ అడగడం మొదలెట్టాను. "ఎవరో నన్ను గమనిస్తున్నారు."

"ప్రభువు గమనించడా సార్? అది కాక మా వీధిలో పదమూడు ఇళ్ళున్నాయి."

"నా పనులు నా చేతిలో లేవు, వేరే శక్తి నడిపిస్తుంది."

"మరి? నా చేతిలో ఉంటే ఇట్లా ఉంటానా?"

"తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది."

"నాలుగింటికి. ప్రార్థన. తరవాత నూట ఇరవై మందికి ఇడ్లీ."

"నేను పాపిని అనిపిస్తుంది."

"మీకు అనిపించదా సార్?" అని ఎదురడిగింది, నిజంగానే ఆశ్చర్యపోతూ.

"చనిపోయినవారితో మాట్లాడతాను."

"ఏటా సమాధుల పండక్కి వెళ్తాం కదండీ. మా ఆయన సమాధి కడిగి, సున్నం వేసి, కొవ్వొత్తి పెట్టి, సంవత్సరం విషయాలన్నీ చెప్పొస్తాను. బతికున్నప్పుడు ఒక్కటీ వినలేదు, ఇప్పుడైనా వింటాడని."

"ఒంట్లో మంటలు?"

"కట్టెల పొయ్యి సార్."

"అది 'ఎల్లప్పుడూ' ఎలా అవుతుందమ్మా, ఇవన్నీ అప్పుడప్పుడే కదా?"

"కొంచెం ఉన్నా ఉన్నట్టే కదండీ. దాచుకోవడం ఎందుకని నిండుగా పెట్టాను."

పిల్లలూ, మీరిప్పుడు బహుళ సంస్కృతుల మనస్తత్వశాస్త్రం అని మూడు పేపర్లు చదువుకుని వస్తున్నారు. ఒక చోట కొలిచే బద్ద ఇంకోచోట పనికిరాదని పుస్తకంలో అందంగా ఉంటుంది. నాకు ఆ పాఠం నోటినిండా హల్వాతో ఎక్కింది. ఆవిడ రాసినదాంట్లో జబ్బు లేదు. ఒక సంఘంలో, ఒక వంటింట్లో, ఒక నమ్మకంలో బతికిన మనిషి దినచర్య ఉంది. నేను దాన్ని అరవై ముక్కలు చేసి, కూడి, ఆవిడ గది లాగేసుకున్నాను.

నిజం ఆవిడకి అప్పుడే చెప్పాల్సింది. "రేపు నేనూ వస్తానమ్మా" అని మాత్రం అన్నాను. నోట్లో మిగిలిన హల్వా మీద నేరం మోపుతున్నాను.

పెద్ద డాక్టరుగారి గదికి పరిగెత్తాను. ఆయన కుర్చీ వెనక్కి వాలి, "కాగితం అబద్ధం చెప్పదయ్యా. అంకె అంకే" అన్నారు.

"సార్, మీ వెనకున్న ఈ బీరువా ఎందుకు నైరుతికి జరిపించారు?"

"ఈశాన్యంలో బరువుంటే ప్రాక్టీసు దెబ్బతింటుందని..." అని ఆగారు.

"కనపడని శక్తులు నా జీవితాన్ని ప్రభావితం చేస్తున్నాయి. ముప్ఫై నాలుగో ప్రశ్న సార్. మీకు మూడు పడుతుంది."

వెనక్కి తిరిగి బీరువా వైపు చూశారు. కింద బిందెలు దొర్లాయి. "వెళ్ళు. నీ సంతకం నువ్వే వెనక్కి తీసుకో. కాలేజీ మనకి ఏటా వంద మందిని పంపుతుంది, అది తెగిపోతే మాత్రం నీ కుర్చీ కూడా ఇక్కడుండదు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను. గన్నవరం దాటాక రోడ్డు మీద ఎన్ని లారీలున్నాయంటే, దేశంలోని లారీలన్నీ నన్ను ఆపడానికే బయల్దేరాయనిపించింది. ఎవరో నాకు హాని తలపెట్టారు అనే ప్రశ్నకి ఆ గంటన్నరా నాకు మూడే. కాలేజీ చేరేసరికి పదిన్నర. ఆవిడ అప్పటికే వరండాలో బల్ల మీద కూర్చునుంది. పక్కన ట్రంకుపెట్టె! గది వచ్చేసిందనుకుని సామాను సర్దుకుని వచ్చేసింది.

కరస్పాండెంటుగారు ఉయ్యూరు పక్క రైతు కుటుంబం నించి వచ్చి కాలేజీ పెట్టిన మనిషి. గది నాలుగు గోడల మీదా ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. ఖాళీ లేక పైకప్పు మీద కూడా అతికించడం మొదలెట్టారు. నేను నోరు తెరిచేలోపే నా రిపోర్టు బల్ల మీద కొట్టారు.

"డాక్టరుగారూ, ఏంటండీ ఈ అన్యాయం?"

నేను డాక్టర్ని కానని చెప్పడానికి అది సమయం కాదనిపించింది. "తప్పు జరిగిందండీ..."

"జరగడమా! నూట డెబ్బై ఒకటి తెచ్చుకున్న మనిషి ఉండగా, మిగతా ముగ్గురి రిపోర్టులూ ఎందుకండీ నాకు పంపించారు? ఒకావిడకి ఇరవై రెండంట! ఇరవై రెండు! మా కాలేజీలో అటెండర్ కూడా అంతకంటే ఎక్కువ తెచ్చుకుంటాడు. ఈవిడకి ఆర్డరు టైపు చేయించేశాను."

కింద నేను రాసిన పొడుగాటి వాక్యాన్ని ఆయన చదవనే లేదు. అంకె చూశారు, గుండె నిండిపోయింది.

నోరు మూసుకుని వెళ్ళిపోవచ్చు. ఉద్యోగం వచ్చేసింది, ట్రంకుపెట్టె లోపలికి పోతుంది, నా కుర్చీ నాకుంటుంది. కానీ ఇవాళ కాకపోతే ఇంకో నెలకి, ఎవరో ఒక ఇంగ్లీషు లెక్చరర్ ఆ ఫైలు తీసి కింది వాక్యం చదువుతాడు. ఆ రోజు ఆవిణ్ణి పిచ్చిదని చెప్పి ట్రంకుపెట్టెతో సహా గేటు బయట పెడతారు.

చెబుదామని గొంతు సవరించుకున్నాను. ఆయన ముందుకి వంగారు.

"ఏవండీ, నేను రాస్తే ఎంతొస్తుందంటారు?"

"మీకెందుకండీ..."

"కాదు కాదు, అడగండి. మా స్టాఫు కంటే నాకు తక్కువ రాకూడదు."

అడిగాను. పిరికితనంతోనే అడిగాను, నిజం చెప్పే ఘడియ కాసేపు వెనక్కి జరుగుతుందని.

"ఎవరో నన్ను గమనిస్తున్నారు."

"ఎల్లప్పుడూ! రోడ్డవతల కాలేజీ వాడు బైనాక్యులర్ పెట్టుకుని చూస్తాడు."

"ఎవరో నాకు హాని తలపెట్టారు."

"వాడేనండీ!"

"నిద్ర పట్టదు."

"ఫలితాలొచ్చే దాకా ఎవడికి పడుతుంది? మూడు వేసుకోండి."

"నేను ఎందుకూ పనికిరాను."

"ఎవడన్నాడు?" అని లేచి నిల్చున్నారు. సున్నా వేశాను. నన్ను ఎవరూ పట్టించుకోరు అన్నదానికీ సున్నా. మిగతా యాభై ఎనిమిదింటికీ, బతకాలని లేదన్నదానికి కూడా మార్కు వదలకుండా, నిండుగా మూడేసి. కూడాను. నూట డెబ్బై నాలుగు.

ఆయన ఆనందానికి అవధుల్లేవు. బెల్లు కొట్టి కాఫీలు తెప్పించారు. "మూడు మార్కులు ఎక్కువ! చూశారా, రాయకుండానే, నోటితో!" కాఫీ సగం తాగనిచ్చి, ఈ పరీక్షలో అంకె పెరిగేకొద్దీ మనసు చెదిరినట్టని చెప్పేశాను. కిందున్న వాక్యం తెలుగులో చదివి వినిపించాను.

ఆయన కాఫీ కప్పు కింద పెట్టారు. నా కుర్చీ గవర్నర్‌పేట రెండో అంతస్తు కిటికీలోంచి కిందికి దూకుతున్నట్టు నాకు స్పష్టంగా కనిపించింది.

"అంటే ఆవిడ..." అన్నారు.

"నిక్షేపంగా ఉందండి. కాగితం మనది కాదు. మన మనుషుల్ని వేరే ఊరి గజం బద్దతో కొలిచి తప్పు రాశాను. అది చెప్పడానికే వచ్చాను. ఆవిడ సున్నా పెట్టిన మూడు ప్రశ్నలే ఈ ఉద్యోగానికి కావాల్సినవి. బతకాలనుంది, తనకి మనుషులున్నారు, పిల్లల్ని కొట్టదు."

"కొట్టాలనిపిస్తుందా అన్నదానికి నేనేం చెప్పాను?" అని నెమ్మదిగా అడిగారు.

"ఎల్లప్పుడూ అన్నారండి. రోడ్డవతలాయన్ని."

కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "నేను పదిహేనేళ్ళుగా ఈ కాలేజీ నడుపుతున్నానా లేదా?"

"నడుపుతున్నారండి."

"మరి నాకంటే మూడు మార్కులు తక్కువొచ్చిన మనిషి హాస్టలు నడపలేదా?"

మనస్తత్వశాస్త్రంలో ఇంతకంటే పటిష్టమైన వాదన నేను ఏ సదస్సులోనూ వినలేదు. అక్కడే, ఆయన బల్ల మీదే, పాత రిపోర్టు కొట్టేసి, తెలుగులో కొత్తది రాశాను. ఆవిడ పద్దెనిమిదేళ్ళు ఏం చేసిందో నాలుగు వాక్యాలు. అంకె లేదు. మార్కుల్లేని సర్టిఫికెట్టు ఫైల్లో పెట్టడానికి ఆయనకి ప్రాణం ఒప్పలేదు గానీ, తన నూట డెబ్బై నాలుగు బయటికి రాకూడదనే షరతు మీద సంతకం చేశారు. ఆ షరతుని నేను రిటైరయ్యేదాకా పాటించాను.

ఆర్డరు, తాళంచెవి తీసుకుని ఆవిడ ట్రంకుపెట్టె ఎత్తుకోబోతుంటే ఒక పక్క నేను పట్టుకున్నాను. హాస్టల్ గది దాకా నడుస్తూ మొత్తం చెప్పేశాను. నూట డెబ్బై ఒకటంటే ఏమిటో, నేను ముందు ఏం రాశానో, ఆవిడ పంచిన హల్వా దేనికో. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ పెట్టె కింద పెట్టి, తాడు కళ్ళజోడు సర్దుకుని, నా మొహంలోకి చూసింది.

"మీకెన్నొచ్చాయి సార్ ఇందులో?"

"నేను... నేను ఎప్పుడూ రాయలేదమ్మా."

"రాయకుండానే ఇంతమందివి దిద్దారా?" అని, తాళం తీసి, పెట్టె లోపలికి లాక్కుంది.